నేను తప్పని దిద్దిన మాట

నా పదవీ విరమణ సభలో మాట్లాడినవాళ్లంతా నా ఓపిక గురించి, క్రమశిక్షణ గురించి చెప్పారు. భయం గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వాళ్లకు తెలియదు కదా. ఇరవై తొమ్మిదేళ్లు సూరత్‌లో తెలుగు మాధ్యమం పిల్లలకు పాఠాలు చెప్పాను. అందులో ఒక ఏడాది మొత్తం భయంతోనే బడికి వెళ్లాను, భయంతోనే ఇంటికి వచ్చాను. మిగతా ఏళ్లన్నీ కలిపినా ఆ ఒక్క ఏడాది నేర్పినంత నేర్పలేదు.

మొన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు టీచర్లు ఉధనాలో మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ చిన్నవాళ్లే. అల్లరి పిల్లల్ని ఎలా అదుపు చెయ్యాలి, తనిఖీకి వచ్చేవాళ్లు ఏమేం చూస్తారు, పాఠ్య ప్రణాళిక ఎంత వివరంగా రాయాలి అని అడిగారు. నాకు తెలిసినవి చెప్పాను. వాళ్లు టీ తాగి వెళ్లిపోయాక, అసలు చెప్పవలసింది చెప్పలేదని మనసు పీకింది. అందుకే రాస్తున్నాను. పిల్ల పేరు మాత్రం మార్చాను.

వాళ్ల తెలుగు, నా తెలుగు

మాది తెనాలి దగ్గర ఒక పల్లె. మా వారు ఇక్కడ రంగుల మిల్లులో సూపర్‌వైజరు. పెళ్లయ్యాక ఈ ఊరు వచ్చి, మునిసిపాలిటీ బడిలో టీచరుగా చేరాను. మా భవనంలోనే పొద్దున మరాఠీ బడి, మధ్యాహ్నం మా తెలుగు బడి, పక్క వింగులో ఒడియా పిల్లలు. మా బడికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాల పిల్లలే. తండ్రులు సాంచల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తారు. తల్లులు ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు, మెరిసే టిక్కీలు అంటిస్తారు.

మొదటి ఏడాది నాకు ఆ పిల్లలు గొంతు చించుకుని మాట్లాడడం పెద్ద మొరటుతనంగా కనిపించింది. అరిచినవాళ్లను బెంచీ ఎక్కించేదాన్ని. ఒకరోజు హాజరు లేని పిల్లల ఇళ్లకు వెళ్లి చూస్తే, గోడకు అటువైపు సాంచలు నడుస్తున్నాయి. ఒక ఇంట్లో తల్లి నాకు మంచినీళ్లు కావాలా అని మూడుసార్లు అరిచి అడిగితే గానీ నాకు వినపడలేదు. ఆ ఇళ్లలో మెల్లగా మాట్లాడితే మాట చేరదు. ఆ రోజు నుంచి బెంచీ ఎక్కించడం మానేశాను. దాంతో ఈ పిల్లల్ని అర్థం చేసుకున్నాననే అనుకున్నాను. కొంచెం అర్థం కాగానే అంతా అర్థమైపోయిందనుకోవడం మన ఉద్యోగంలో చాలా ప్రమాదం.

వాళ్ల అరుపును ఒప్పుకున్నాను కానీ వాళ్ల భాషను ఒప్పుకోలేదు. మా హెడ్మాస్టరు గారిదీ మా కోస్తానే. పిల్లలు పుస్తకంలో ఉన్న తెలుగు రాయకపోతే పరీక్షలో ఏం రాస్తారని ఆయన అడిగేవారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, ఇప్పటికీ ఉందంటాను. నేను దానికి కనిపెట్టిన జవాబులోనే తప్పుంది. నాలుగో తరగతి గదిలో గోడకు పెద్ద చార్టు అంటించాను. ఎడమ పక్క తప్పు, కుడి పక్క ఒప్పు. పిల్లలు ఇంటిమాట ఏదైనా అంటే ఎడమ పక్క ఎర్ర సిరాతో రాసేదాన్ని, కుడి పక్క పుస్తకం మాట నల్ల సిరాతో రాసేదాన్ని. ‘దూప’కు ఎదురుగా ‘దాహం’. ‘బర్కింది’కి ఎదురుగా ‘గీరింది’. ఎవరి మాట చార్టు ఎక్కితే వాళ్ల పేరు కూడా పక్కన చిన్నగా రాసేదాన్ని. హెడ్మాస్టరు గారు చూసి చాలా బాగుందన్నారు. మిగతా తరగతుల్లో కూడా పెట్టమన్నారు.

స్రవంతి

నాలుగో తరగతిలో స్రవంతి అనే అమ్మాయి ఉండేది. డిండోలి నుంచి నడిచి వచ్చేది. తొమ్మిదేళ్లు. సంవత్సరం మొదట్లో గలగలా మాట్లాడేది. ఒకరోజు వాళ్లమ్మ లక్ష్మికి ఒంట్లో బాగాలేదని చెప్పడానికి నా బల్ల దగ్గరికి వచ్చి, “టీచర్, మా అమ్మకు పానం మంచిగ లేదు” అంది. నేను ఆ తల్లికి ఏమైందని అడగలేదు. ‘పానం’ కాదు, ‘ఆరోగ్యం’ అని చార్టు మీద రాశాను. క్లాసంతా నవ్వింది. స్రవంతి కూడా నవ్వడానికి ప్రయత్నించింది. అది నాకు బాగా గుర్తుంది.

తర్వాత ఆ పిల్ల మాట తగ్గింది. దసరా సెలవులు అయ్యేసరికి అడిగినదానికి తల ఊపడం తప్ప నోరు విప్పేది కాదు. నేను నా రిజిస్టర్లో ఆమె పేరు ఎదురుగా ‘గ్రహింపు తక్కువ’ అని రాసుకున్నాను. పెన్సిలుతో కూడా కాదు, పెన్నుతో.

చలి మొదలైన రోజుల్లో ఒక సోమవారం ఆ పిల్ల కుంటుతూ వచ్చింది. ఎడమ పిక్క మీద గుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డకు పసుపు, సున్నం మరకలు. ఏమైందని అడిగాను. పెదాలు కదిలాయి, మాట రాలేదు. తర్వాత, “పడ్డ” అంది.

“పడ్డ కాదమ్మా, పడ్డాను” అన్నాను.

ఆమె “పడ్డాను” అని తిరిగి చెప్పి తన చోటుకు వెళ్లి కూర్చుంది. నేను లెక్కల పాఠం మొదలుపెట్టాను.

రాజవ్వ చెప్పింది

మా బడిలో మధ్యాహ్న భోజనం వడ్డించే ఆవిడ పేరు రాజవ్వ. జగిత్యాల వైపు మనిషి. భర్త పోయాక సూరత్‌లోనే ఉండిపోయింది. పిల్లలు ఆమె చుట్టూ మూగి ఊరి కబుర్లన్నీ చెప్పేవాళ్లు. పిల్లలు ఆమె దగ్గర చెప్పుకునేవి నా దాకా రావని నాకు తెలుసు. అది వడ్డించేవాళ్ల దగ్గర ఉండే చనువు అనుకుని తేలిగ్గా తీసుకున్నాను.

తొమ్మిది రోజుల తర్వాత రాజవ్వ స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

“టీచరమ్మా, మీకొక ముచ్చట చెప్పాలె. కోపం చెయ్యద్దు. గా స్రవంతి పిల్లకు కాలు మీద కుక్క బర్కింది. పన్ను గూడ దిగినట్టుంది. ఇయ్యాల్టికి తొమ్మిది దినాలు.”

పడ్డానని నాతో చెప్పిందే అన్నాను.

“మీతోని గట్లనే చెప్పింది. నిజం చెప్తమంటె బర్కింది అన్న మాట మీ గోడ మీద ఎర్రగ రాసి ఉన్నదట. దాని పక్కన ఏం మాట ఉన్నదో యాదికి రాలేదట.” ఆమె నా ముఖంలోకి చూడకుండా తర్వాతి మాట చెప్పింది. “కుక్క గూడ మంచిది కాదు టీచరమ్మా. సొల్లు కారుకుంట తిరిగింది. ఒక మేకను కరిచింది. మొన్న మురికి నాలల సచ్చి పడ్డది.”

నా చేతిలో ఉన్న నోటుపుస్తకాల దొంతర బల్ల మీద పెట్టబోతే కింద పడిపోయింది. పిచ్చికుక్క కాటుకు వెంటనే టీకా వెయ్యకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మా పల్లెలో నా చిన్నప్పుడు ఒక మనిషిని చూశాను. గదిలో పెట్టి బయట గొళ్లెం వేశారు. ఆయన గొంతు వీధి చివరి దాకా వినపడేది. మూడో రోజుకు వినపడలేదు.

తరగతికి వెళ్లి చూస్తే స్రవంతి ఆ రోజు బడికి రాలేదు.

హెడ్మాస్టరు గారికి చెప్పి వెళ్తానంటే ఆయన తలుపు దగ్గరికి వేసి, నేను ఆ పిల్లను అడిగిన సంగతి, ఆమె పడ్డానని చెప్పిన సంగతి ఎవరితోనూ అనవద్దన్నారు. బడి మీదికి వస్తుందన్నారు. ఆయన చెడ్డవారు కాదు. పైవాళ్లకు ఏం చెప్పుకోవాలని భయపడ్డారు. మన శాఖలో పైవాడి భయం కిందివాడికి దిగుతూ వస్తుంది, చివరికి పిల్లల దగ్గర ఆగుతుంది. వాళ్ల కింద ఎవరూ లేరు. అప్పుడు నాకు ఇంత స్పష్టంగా తెలియదు. తల ఊపి, రాజవ్వను వెంటబెట్టుకుని ఆటో ఎక్కాను.

ఆసుపత్రిలో

ఇంటికి వెళ్లేసరికి స్రవంతి తల్లి పక్కన కూర్చుని చీరకు టిక్కీలు అంటిస్తోంది. జ్వరం లేదు. కాలు నొస్తోందని బడి మానిపించిందట. లక్ష్మికి కుక్క సంగతి తెలుసు. కానీ చిన్న గీత అనుకుంది. నానమ్మ సున్నం, పసుపు పెట్టింది, పుండు మానుతోంది, ఇంకేముందని అనుకున్నారు. కుక్క చచ్చిన సంగతి వాళ్లకు తెలియదు. తండ్రి పగలు పన్నెండు గంటలు కార్ఖానాలో ఉంటాడు. రాజవ్వ ఆ తల్లితో ఏం చెప్పిందో నాకు పూర్తిగా వినపడలేదు. ఆవిడ చేతిలో చీర పక్కకు నెట్టి, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా మాతో బయలుదేరింది.

పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరు గుజరాతీ అమ్మాయి. ఏ రోజు కరిచింది, ఎలాంటి కుక్క, కవ్విస్తే కరిచిందా, ఊరికే మీద పడిందా అని గుజరాతీలో గబగబా అడుగుతోంది. లక్ష్మికి అర్థం కాలేదు. నేను నా హిందీలో మొదలుపెట్టాను. రోజు తప్పు చెప్పాను. అప్పుడు నా వెనక నుంచి ఒక గొంతు వినపడింది.

స్రవంతి గుజరాతీలో మాట్లాడుతోంది. తడబాటు లేదు. నల్ల కుక్క అంది, ఒక చెవి తెగి ఉందంది, తను పాల దుకాణానికి వెళ్తుంటే నీళ్ల ట్యాంకు వెనక నుంచి వచ్చిందంది, రాయి కూడా తీయలేదంది, అది ఆదివారం కాదు సోమవారం పొద్దునంది. డాక్టరు మధ్యలో హిందీలో ఏదో అడిగితే హిందీలో చెప్పింది. తల్లి కంగారుపడుతుంటే ఆవిడకు తెలుగులో చెప్పింది. మూడు భాషల్లో, మూడు వైపులకు తిరిగి, తన కాలికి ఏమైందో తనే చెప్పుకుంది. గ్రహింపు తక్కువ అని నేను రాసిన పిల్ల ఈమేనా అని చూస్తూ నిలబడ్డాను.

పుండును సబ్బునీళ్లతో చాలాసేపు కడిగారు. టీకా వేశారు. పుండు చుట్టూ ఇంకో మందు ఎక్కించారు. ఆ సూదులకు స్రవంతి నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది కానీ ఏడవలేదు. తర్వాత డాక్టరు నన్ను పక్కకు పిలిచి హిందీలో చెప్పింది. ఆలస్యం జరిగింది, అయినా జబ్బు లక్షణాలు కనిపించనంత వరకు టీకా పనిచేసే అవకాశం ఉంది. మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు తప్పకుండా తీసుకురావాలి. లక్షణాలు మొదలైతే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. నీళ్లు మింగలేకపోవడం, నీళ్లు చూస్తే భయపడడం కనిపిస్తే వెంటనే రావాలి. ఎంత కాలం చూడాలని అడిగాను. మామూలుగా రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా పడుతుందంది.

స్రవంతి రెండడుగుల దూరంలో బల్ల మీద కూర్చుని ఉంది. ఆమెకు నాకంటే హిందీ బాగా వచ్చని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దుటి బడి వదలగానే వెళ్లి, పిల్లలు రాకముందే గోడ మీది చార్టు చించేశాను.

ఇరవై ఎనిమిదో రోజు

మూడో రోజు, ఏడో రోజు టీకాలకు నేనే వెంట వెళ్లాను. ఇంక ఒక్కటే మిగిలింది. ఇరవై ఐదో రోజున స్రవంతి చోటు ఖాళీగా ఉంది. పక్కన కూర్చునే పిల్లను అడిగితే, వాళ్ల పెద్దనాన్న చనిపోయాడు, అందరూ ఊరికి పోయారు అంది.

లక్ష్మి ఫోన్‌కు చేస్తే స్విచాఫ్. పది నిమిషాలకోసారి చేశాను. ఆసుపత్రి చీటీ వెంట తీసుకెళ్లారో లేదో పక్కింట్లో అడుగుదామని డిండోలి వెళ్లాను. ఇంటికి తాళం. పక్కింటావిడ, చీటీ గూట్లోనే ఉందేమో అంది. ఇంటికి వచ్చి లక్ష్మి నంబరుకు సందేశం రాశాను. ‘స్రవంతికి రేబిస్ నిరోధక టీకా చివరి మోతాదు నిర్ణీత దినమున వేయించుట తప్పనిసరి’ అని. మర్నాటికి చూశారన్న గుర్తు కనిపించింది. జవాబు లేదు. మళ్లీ అదే సందేశం పంపాను. మళ్లీ జవాబు లేదు.

ఆ రెండు రోజులు నేను అన్నం తినలేకపోయాను. తరగతిలో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. పిల్లలు వంచిన తలలెత్తి చూసేవాళ్లు. ఊళ్లో చావు ఇల్లు, బంధువులు, పదో రోజు కర్మలు. ఆ హడావిడిలో మానిపోయిన పుండు ఎవరికి గుర్తుంటుంది?

ఇరవై ఎనిమిదో రోజు వచ్చింది, పోయింది. మర్నాడు సాయంత్రం గిన్నెలు కడుగుతున్న రాజవ్వ దగ్గరికి వెళ్లి నా ఫోను చూపించాను. ఆమెకు చదువు రాదు. ఏం రాశారో చదవమంది. చదివాను. ఆమె తడిచేతులు చెంగుకు తుడుచుకుంది.

“గిది నాకే సమజ్ కాలే టీచరమ్మా. వాళ్లకేం సమజైతది?”

వాళ్ల ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో రాజవ్వ చెల్లెలు ఉంటుందట. నా ఎదురుగానే ఆమెకు ఫోన్ చేసింది. మాట పెంచలేదు, ఏడవలేదు.

“చెల్లె, సూరత్‌కెల్లి అచ్చిన లక్ష్మి బిడ్డ ఉన్నది సూడు, స్రవంతి. గా పిల్లకు కుక్క సూది ఆఖరుది ఉన్నది. గది ఎయ్యకుంటె పిల్ల దక్కదు. నువ్వు పొద్దుగాల ఫస్ట్ బస్సుకే పోయి, పిల్లను తోల్కొని దవఖానకు పో. చావిల్లని ఆగద్దు.”

ముప్పయ్యో రోజు మధ్యాహ్నం రాజవ్వ చెల్లెలు ఫోన్ చేసింది. మండలంలోని సర్కారు దవాఖానలో సూది వేయించానని, రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదని నర్సు అన్నదని చెప్పింది. లక్ష్మి మాట్లాడింది. నా సందేశం చూసిందట. బడి వాళ్లు ఏదో నోటీసు పంపారని, పిల్ల నాగా పెట్టినందుకు పేరు తీసేస్తారేమోనని భయపడి ఫోన్ కట్టేసిందట.

ఒక పిల్ల ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా నేను రాసిన తెలుగు ఆ తల్లిని భయపెట్టింది తప్ప ఆమెకు చేరలేదు. ఇది ఎన్నిసార్లు తలచుకున్నా నాకు సిగ్గుగానే ఉంటుంది.

నీళ్ల గ్లాసు

వాళ్లు తిరిగి వచ్చాక రెండు నెలలు బాగానే గడిచాయి. బాగానే అంటే, పిల్ల బాగానే ఉంది. నేను మాత్రం ఆమె దగ్గినా, తల పట్టుకున్నా, కిటికీ వైపు చూసినా లేచి నిలబడేదాన్ని. భోజనాల వేళ ఆమెకు కనపడే చోట కూర్చుని ఆమె నీళ్లు తాగిందాకా చూసేదాన్ని. నోట్లోకి వెళ్లిన నీళ్లు గొంతు దిగాయా అని చూసేదాన్ని. స్రవంతి నాతో ఇంకా మాట్లాడేది కాదు. నేను చార్టు చించేసినంత మాత్రాన ఆమె నోరు తెరుచుకుంటుందా?

ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం ఆమె బెంచీ మీద తల పెట్టుకుని పడుకుంది. నుదురు కాలిపోతోంది. లేపి కూర్చోబెట్టాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గ్లాసుతో నీళ్లు తెప్పించి నోటి దగ్గర పెట్టాను. ఆమె ముఖం పక్కకు తిప్పేసింది. మళ్లీ పెట్టాను. చేత్తో గ్లాసు నెట్టేసింది. నీళ్లు నా ఒళ్లో పడ్డాయి.

ఆ క్షణాన్ని వర్ణించడం నాకు చేతకాదు. తరగతిలో నలభై మంది పిల్లలున్నారు. నేను అరవకూడదు. మా పల్లెలో ఆ గొళ్లెం వేసిన తలుపు కళ్ల ముందుకు వచ్చింది. దాహం వేస్తోందా అని అడిగాను. జవాబు లేదు. దాహం లేదా అని అడిగాను. జవాబు లేదు. ఎన్నడూ అనని మాట అప్పుడు అన్నాను.

“దూపైతుందా బిడ్డా?”

స్రవంతి నా వైపు చూసింది. తల ఊపింది.

“మరి తాగవేం?”

“గీ నీళ్లు బ్లీచింగ్ వాసనొస్తున్నయ్ టీచర్” అంది. గొంతు బొంగురుగా ఉంది. “నిన్న ట్యాంకి కడిగిండ్రు. వాసన చూస్తేనే వాంతికొస్తుంది. అవ్వ సీసల నీళ్లుంటయ్, గవి తాగుత.”

గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిజమే, బ్లీచింగ్ పొడి ఘాటు. రాజవ్వ సీసా తెచ్చింది. స్రవంతి రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగింది, సగం సీసా ఖాళీ చేసింది. నేను గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. పిల్లలకు నా అవస్థ వింతగా అనిపించి ఉంటుంది. ఆసుపత్రికి తీసుకెళ్తే మలేరియా అన్నారు. మలేరియా అని విని దేవుడికి దణ్ణం పెట్టుకున్న టీచరు నేనొక్కదాన్నే అయ్యుంటాను.

శిక్షణల్లో చెప్పేది

ఈ మధ్య శిక్షణ తరగతుల్లో భిన్న నేపథ్యాల పిల్లలకు తగిన బోధన అని రెండు రోజులు తెర మీద బొమ్మలు చూపిస్తున్నారు. చెడ్డ సంగతేం కాదు. కానీ వాటిని విని వచ్చినవాళ్లు బడి వార్షికోత్సవంలో బతుకమ్మ ఆడించి, ఫోటోలు పైకి పంపి, పని అయిపోయిందనుకుంటున్నారు. బతుకమ్మ ఆడించండి, బాగానే ఉంటుంది. కానీ పిల్ల తన నొప్పి ఏ మాటలో చెబుతుందో మీకు తెలియకపోతే ఆ పూలు ఎందుకూ పనికిరావు.

ఆ ఏడాది తర్వాత నేను జూన్‌లో కొత్త తరగతి రాగానే మొదటి వారం పాఠం చెప్పలేదు. రాజవ్వను గదిలో కూర్చోబెట్టుకుని, జ్వరం వస్తే ఏమంటారు, కడుపు నొస్తే ఏమంటారు, ఎవరైనా భయపెడితే ఏమంటారు అని పిల్లల్ని అడిగి, వాళ్ల మాటలు నా పుస్తకంలో రాసుకునేదాన్ని. పాఠం ముందు వాళ్ల మాటల్లో చెప్పించి, ఆ తర్వాత పుస్తకం మాట నేర్పాను. హెడ్మాస్టరు గారు మొదట ఒప్పుకోలేదు. వాళ్ల పరీక్షలు ఏమీ పాడవలేదు గనక తర్వాత అడ్డు చెప్పలేదు. స్రవంతి పడ్డానని నాతో చెప్పిన సంగతి ఆయన చెప్పినట్టే చాలా కాలం దాచాను. ఆ పిరికితనం నాదే, ఆయన మీద తోసెయ్యను.

అంతా నేర్చుకున్నానని మాత్రం అనుకోకండి. ఒకటి మిగిలింది.

ఏడాది నిండిన రోజు

స్రవంతి బతికింది. ఇప్పుడు ఇరవై దాటిన అమ్మాయి, కతర్‌గామ్‌లో ఒక వజ్రాల కార్ఖానా ఆఫీసులో పనిచేస్తుంది. నేను చెప్పబోయేది మాత్రం కుక్క కరిచి ఏడాది నిండిన రోజు సంగతి. అప్పటికి ఆమె ఐదో తరగతి. వేరే టీచరు దగ్గర ఉంది. నాతో బాగానే మాట్లాడేది.

ఆ సాయంత్రం బడి అయ్యాక డిండోలి వెళ్లాను. తలుపు తీసింది స్రవంతి. లక్ష్మి లోపల చీర పని చేసుకుంటోంది. ఎందుకొచ్చారు టీచర్ అని స్రవంతి అడిగింది. ఊరికే అందామనుకున్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఏడాదిగా నీ గురించి భయపడ్డాను, డాక్టరు చెప్పిన గడువు ఇవాళ్టితో తీరింది, నిన్ను చూసి పోదామని వచ్చానని చెప్పాను.

“నాకు తెల్సు టీచర్” అంది. “డాక్టర్ మీకు చెప్పినప్పుడు నేను ఆడనే ఉన్న గద. నీళ్లు తాగకపోతె గా రోగం అచ్చినట్టే అన్నది. మీరు రోజు నా గ్లాస్ దిక్కే చూసేటోళ్లు. మీరు భయపడతరని దూప లేకున్న తాగేదాన్ని.”

మరి నీకు భయం వెయ్యలేదా అని అడిగాను.

“అయ్యేది. ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు బకెట్ల నీళ్లు వట్టి, అండ్ల చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. భయమైతుందా, ఐతలేదా అని.”

“రోజూనా?”

“రోజు.”

అమ్మకు చెప్పావా అన్నాను. లేదని తల ఊపింది. అమ్మ ఏడుస్తుందంది. రాజవ్వకు కూడా చెప్పలేదట.

ఏడాది పొడవునా నేను ఆ పిల్ల గ్లాసును చూశాను, గొంతును చూశాను, కాలి మీది మచ్చను చూశాను. నీకు భయంగా ఉందా అని ఒక్కసారి కూడా అడగలేదు. తొమ్మిదేళ్ల పిల్ల చావు మాట విని, దాన్ని ఒంటరిగా మోస్తూ, పైగా నా భయాన్ని కూడా తనే మోసింది. ఆ పిల్లను నేను కాపాడుతున్నాననుకున్నాను.

లోపల లక్ష్మి చేతిలో పని ఆపి మా వైపు చూస్తోంది. అంతా విన్నదని ముఖం చూస్తే తెలిసింది. నేను గడప దగ్గరే కూర్చున్నాను. స్రవంతిని పక్కన కూర్చోమన్నాను. మొదటి రోజు నుంచి చెప్పమన్నాను. లక్ష్మి లేచి వచ్చి కూతురికి అటువైపు కూర్చుంది.

స్రవంతి చాలాసేపు చెప్పింది.